మంచినీళ్ళు అడగాల్సిన చోట

ఆ చోటు ఇంకా రాలేదు. ముందు వకీలు వచ్చి వెళ్ళాలి, పనిమనిషి దీపం వెలిగించాలి, ముసలి జడ్జి చేతికర్ర మూలకు ఆనించి కుర్చీలో కూలబడాలి, అప్పుడు గానీ ఆ చోటు రాదు, అయినా ఆమె ఎడమచేతి వేలు అప్పుడే వెళ్ళి అక్కడ కూర్చుంది, పేజీ అడుగున, నాటకం మొత్తంలో అన్నిటికంటే చిన్న మాట మీద. కాస్త మంచినీళ్ళు ఇస్తారా? అంతే మాట. న్యాయం గురించీ కన్నపేగు గురించీ ఉన్న పేజీలకు పేజీలు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పే మనిషి, జడ్జి వేషం వేసే ఆమె భర్త, ఈ మంచినీళ్ళ దగ్గర బోర్లాపడ్డాడు, అలా పడ్డందుకే ఇవాళ హాలు నిండింది, ఆదివారం మధ్యాహ్నం ఆటకు, ఈ ఎండలో ఎవరొస్తారులే అనుకునే ఆటకు, నడవాలో కూడా కుర్చీలు వేశారు. తెర పక్క చీకట్లో ముక్కాలిపీట మీద కూర్చుంటే ఆమెకు హాలు కనబడదు, వినబడుతుంది, నిండిన హాలు ఊపిరి వేరుగా ఉంటుంది, దుప్పటి కప్పుకున్నట్టు వెచ్చగా, బరువుగా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ పీటే. ఆయన వెలుగులో, తను ఇక్కడ, నీలం కాగితం చుట్టిన చిన్న దీపం కింద, ఎవరైనా మాట మరిచిపోతే అందించడం తన పని, కంపెనీలో అందరికీ ఆయన గురువుగారు, తను వదిన. మంచి ప్రాంప్టరు అనిపించుకోవాలంటే నాటకం అయ్యాక ఎవరికీ గుర్తు రాకూడదు, ఆ లెక్కన తనంత మంచి ప్రాంప్టరు ఇంకొకరు ఉండరు.

స్టేజీ మీద వకీలు గొంతు చించుకుంటున్నాడు, ఇతనికి ప్రతి వాక్యం చివరా చెయ్యి పైకెత్తే జబ్బు ఒకటి, దించవయ్యా మహానుభావా, దించు. దించడు. ఆమె పెదాలు వాటి మానాన అవి వకీలు మాటల వెంట నడుస్తున్నాయి, మనసు మాత్రం ఆ చిన్న మాట చుట్టూ ఈగలా తిరుగుతోంది. మాట మధ్య ఆగడం ప్రతిసారీ ఒకటి కాదు, అది ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఊపిరి కోసం ఆగితే భుజాలు లేస్తాయి. నటన కోసం ఆగితే కళ్ళు ఎక్కడో ఒకచోట స్థిరంగా నిలబడి ఉంటాయి, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు. మరిచిపోయి ఆగినప్పుడు కళ్ళు నిలబడవు, వెతుకుతాయి, నేల మీద, దీపాల మీద, చివరికి తెర పక్కకు, వింగు వైపు, ఆయనకైతే ఎడమచేతి బొటనవేలు కోటు కుట్టు మీద అటూ ఇటూ పాకుతుంది. పోయిన నెలలో ఒకనాటి ఆటలో ఆ బొటనవేలు పాకింది. ఆమె వెంటనే మాట అందించింది, సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఎవరో దగ్గారు, ఆయనకు వినబడలేదు, మళ్ళీ అందించింది, ఈసారి పనిమనిషి వేషం వేసినావిడ గాజులు అడ్డుపడ్డాయి, ఆయన కళ్ళు నీళ్ళలో పడ్డవాడి కళ్ళలా తేలిపోయాయి, మూడోసారి ఆమె దాదాపు అరిచినంత పని చేసింది, అప్పుడు అడిగాడు మంచినీళ్ళు. ఆట అయ్యాక ఇంటికి వెళ్ళే బస్సులో ఇద్దరూ ఒకటే నవ్వు, కండక్టరు తిరిగి చూసేంత నవ్వు, నువ్వు లేకపోతే నా పరువు ఆ కుర్చీలోనే పోయేదే అన్నాడు, అని ఆమె చెయ్యి పట్టుకుని తన కోటు జేబులో పెట్టుకున్నాడు, ఆ వయసులో, బస్సులో. ఎన్నేళ్ళయిందో అలా నవ్వి. ఆ నవ్వును ఆమె చాలా రోజులు దాచుకుంది, దాచుకోవలసింది కాదు.

మర్నాడు పేపర్లో వచ్చింది, కవితాత్మకమైన మౌనం అని. దర్శకుడు పేపరు గాల్లో ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చాడు, ఇక ప్రతి ఆటలోనూ ఆ మౌనం ఉండాల్సిందే గురువుగారూ అన్నాడు, ఆయన కాస్త సిగ్గుపడ్డట్టు నటించి సరేనన్నాడు, ఆమె వైపు మాత్రం చూడలేదు. కవితాత్మకం అంటే ఏమిటి బాబూ అని ఆమె దర్శకుణ్ణి అడిగింది, వెటకారానికి కాదు, నిజంగానే తెలియక. ఇన్నేళ్ళుగా పద్యాలు అందించింది, పాటలు అందించింది, ఏడుపులు కూడా అందించింది, ఎక్కడ ఏడవాలో వేలు చూపించి, కానీ ఒక మనిషి మంచినీళ్ళు అడగడం మరిచిపోతే అందులో కవిత్వం ఎక్కడ దూరిందో అర్థం కాలేదు. దర్శకుడు బుర్ర గోక్కుని, చెప్పకుండా వదిలేస్తామే, అదే వదినా కవిత్వమంటే అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. అలాగైతే మా ఇల్లంతా కవిత్వమే, వంటగది నుంచి ముందు గది దాకా ఎక్కడ చూసినా చెప్పకుండా వదిలేసినవే అనుకుంది.

వకీలు వెళ్ళిపోయాడు. చప్పట్లు, చిన్నవి. ఇప్పుడు జడ్జి ఒంటరి మాటలు, పొడుగ్గా, ఇక్కడ అందించే పని ఉండదు, ఆయన గొంతు దానంతట అది జారుకుంటూ పోతుంది. ఆ గొంతు వినే కదా తను మోజుపడింది. ఆ గొంతు ఇటువైపు నుంచి ఏది వచ్చినా అందుకుంటుంది, అది ఆయన గొప్పతనం అనండి, జబ్బు అనండి. ఒకసారి ఆయన రాజు వేషంలో సింహాసనం మీద ఉన్నాడు, చలికాలం, వెనక తలుపు తెరిచి ఉంది, తలుపు వెయ్యవయ్యా గాలి కొడుతోంది అని ఆమె లైట్లు చూసే అతనితో గుసగుసగా అంది, అన్న మరుక్షణం రాజుగారు చెయ్యి చాచి, తలుపు వెయ్యవయ్యా, గాలి కొడుతోంది అని గంభీరంగా సెలవిచ్చాడు, భటుడు వేషం వేసినవాడు బిత్తరపోయి వెళ్ళి బొమ్మ తలుపు వేసి వచ్చాడు, జనం చప్పట్లు. కంపెనీలో ఇప్పటికీ చలేస్తే ఆ మాటే అంటారు. అందించింది నోటికి చేరాక గానీ బుర్రకు చేరదు ఆయనకు. అంత నమ్మకం మరి. ఆ నమ్మకమే కాపురం అనుకుంది ఆమె, ఇద్దరి మధ్యా వేరే మాటలు లేకపోయినా ఈ మాటలున్నాయి కదా అనుకుంది.

మొన్న పొద్దున కాదు, నిన్న పొద్దున. దుస్తుల గదిలో ఆమె ఈ జడ్జి కోటుకే ఇస్త్రీ చేస్తోంది, కుట్టుపనావిడ రేడియో పెట్టింది, వదినా గురువుగారు మాట్లాడుతున్నారు రండి రండి అంటూ. రేడియో అమ్మాయి గొంతులో పాకం కారుతోంది. ఆ మౌనంలో మీరు ఏం వింటారు గురువుగారూ అని అడిగింది. ఆయన ఆగాడు, అది నటన ఆగడం, రేడియోలో కళ్ళు కనబడకపోయినా ఆమెకు తెలిసిపోయింది. ఆగి చెప్పాడు.

"మా పాప అడుగుల చప్పుడు వింటానమ్మా. చిన్నప్పుడే పోయింది. వట్టి కాళ్ళతో, పువ్వు రాలినంత మెత్తగా నడిచేది, నేను ఎక్కడ నిద్ర లేస్తానోనని. ఆ చప్పుడు వినబడేదాకా నేను మంచినీళ్ళు అడగలేను."

ఎంత కవితాత్మకంగా చెప్పారండీ అంది రేడియో అమ్మాయి, ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వచ్చింది. కుట్టుపనావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వదినా మీకో పాప ఉండేదా, ఎప్పుడూ చెప్పనేలేదే అంది. కోటు కాలలేదు, ఎందుకు కాలుతుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, కాలరు, భుజాలు, జేబు మూత, ఒక్క ముడత లేకుండా వచ్చింది, దాన్ని హ్యాంగరుకు తగిలిస్తుంటే అప్పుడు తట్టింది ఆమెకు, ఇదీ కవితాత్మకం అంటే, పాపకు కూడా ఇలాగే ఇస్త్రీ చేసేశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కిన మంట ఇప్పటిదాకా దిగలేదు.

మెత్తగా నడిచేదట. అప్పుడు తాముండే బిల్డింగు మొత్తానికి దానంత చప్పుడు చేసే పిల్ల లేదు. పెరిగే కాళ్ళు కదా అని కొలత పెద్దది చూసి కొన్న రబ్బరు బూట్లు, ఎర్రవి, అవి వేసుకునే తినేది, అవి వేసుకునే పడుకునేది, వట్టి కాళ్ళతో ఎన్నడు నడిచింది అది, విప్పుదామంటే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. దబదబా, దబదబా, వంటగది నుంచి ముందు గదికి, ముందు గది నుంచి వంటగదికి, ఊరికే, ఏ పనీ లేకుండా. కింది ఇంటాయన, లెక్కల మాస్టారు, కర్రతో తన ఇంటి పైకప్పును పొడిచేవాడు, పిల్లేమో ఆయన తనతో ఆడుతున్నాడనుకుని నేలకు చెవి ఆనించి విని, లేచి మళ్ళీ దబదబా సమాధానం చెప్పేది. గుర్రప్పిల్ల అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు, ఈయనే. ఆ గుర్రప్పిల్లను ఆపవే, నాకు మాటలు బుర్రకెక్కడం లేదు అని రాతప్రతి విసిరికొట్టి అరిచేవాడు, ఆమె దాన్ని చంకన వేసుకుని మెట్ల మీద కూర్చునేది ఆయన వల్లెవేయడం అయ్యేదాకా. జ్వరం వచ్చిన వారంలోనే పోయింది. ఆస్పత్రి వాళ్ళు బూట్లు విప్పి ఒక సంచిలో వేసి ఆమె చేతికిచ్చారు. తర్వాత కొన్నాళ్ళకు కింది మాస్టారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, మా ఇంట్లో మరీ చప్పుడు లేకుండా ఉందమ్మా అని, అక్కడే భోరుమన్నాడు. కట్టుకున్నవాడు ఏడవని ఏడుపు పరాయివాడు ఏడ్చాడు.

ఈయన ఒకటే మాట అన్నాడు. ఆ ఊసు ఎత్తకు, నావల్ల కాదు. ఆమె ఎత్తలేదు. పోనీ పాపం, తట్టుకోలేడు, మగవాళ్ళు కొందరు అంతే అనుకుని గొంతు దాకా వచ్చినదాన్ని మింగింది, పుట్టినరోజు వచ్చినప్పుడు మింగింది, బళ్ళు తెరిచే రోజుల్లో మింగింది, ఒకసారి మాత్రం అన్నం తింటూ, ఇవాళ బస్టాండులో ఒక పిల్ల అచ్చం మన దానిలాగే నడిచిందండీ అని నోరు జారింది, ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ జారలేదు. ఎన్నేళ్ళు మోసింది ఆయన బాధను, తన బాధ కింద పెట్టి. తీరా చూస్తే ఆయన వల్ల కాకపోవడం కాదు, వినడానికి తను ఒక్కతే ఉంది, చాలినంత మంది లేరు. అదీ సంగతి. ఇంట్లో పలకడానికి వీల్లేని పిల్ల ఊరందరికీ పంచడానికి పనికొచ్చింది, అదీ ఒక మతిమరుపును కప్పిపుచ్చుకోవడానికి. ఆయన ఆ రోజు వెతుక్కున్నది పాపను కాదు, మంచినీళ్ళను.

జడ్జి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఇక దగ్గర పడింది. ఆట మొదలయ్యే ముందు మేకప్ గదిలో అడిగింది, అడగకుండా ఉండలేక, పాప మెత్తగా నడిచేదా అని. ఆయన అద్దంలోంచే చూశాడు, కనుబొమ్మకు తెల్లరంగు రాసుకుంటూ.

"రేడియోలో అలా చెబితేనే బావుంటుందే. దబదబా నడిచేదంటే నవ్వుతారు."

"నాతో ఎప్పుడూ అనలేదేం, దాని గురించి?"

"నీకు అన్నీ తెలుసు కదా. నీకు చెప్పేదేముంది?"

అని రెండో కనుబొమ్మకు వెళ్ళాడు. కోపంగా కూడా అనలేదు, కోపం వచ్చినా బావుండేది. గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి, ఇవాళ తొందరపడి అందించకు, రేడియో విని వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, కాస్త ఎక్కువసేపు ఆగుతాను అన్నాడు. ఆగుతాడట. ఈమధ్య ఆయన ఎన్ని చోట్ల తడబడుతున్నాడో ఈ ముక్కాలిపీటకు తెలుసు, ఆమె నాలుక కొసకు తెలుసు. ఒక్క ఆట తను నోరు మూసుకుంటే చాలు, ఆయన పరువు జారి ఆ కుర్చీ కాళ్ళ దగ్గర పడుతుంది. మూసుకుంటాను అనుకుంది. మేకప్ గది నుంచి ఈ పీట దాకా అదే అనుకుంటూ వచ్చింది.

దీపం వెలిగింది. చేతికర్ర మూలకు వెళ్ళింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు, చక్కగా, అలసట అంతా నడుములోకి తెచ్చుకుని, ఆగాడు. హాలు కూడా ఆగింది. కళ్ళు ఎదురుగా స్థిరంగా ఉన్నాయి, నటన, మంచి నటనే, కాదనకూడదు. ఎవరో ఆడమనిషి అప్పుడే ముక్కు చీదింది, పాప కోసం, ఎర్ర బూట్లు లేని ఎవరి పాప కోసమో. ఇంకాస్త ఆగాడు. ఇక అడగాలి. అడగలేదు. కళ్ళు కదిలాయి. నేల మీదికి, దీపం మీదికి, బొటనవేలు కోటు కుట్టు మీదికి వెళ్ళి అటూ ఇటూ పాకడం మొదలెట్టింది, ఆమె ఇస్త్రీ చేసిన కుట్టు. మాట పోయింది ఆయనకు. నిజంగానే పోయింది. ఆయన కళ్ళు వింగు వైపు వచ్చి ఆమె ముఖం మీద వాలాయి, అందించవే, అందించు. ఆమె పెదాలు బిగించింది. ఊరుకో, ఊరుకో, చూడనీ అందరినీ. కానీ హాల్లో ఎవరూ నవ్వలేదు, ఎవరూ గొణగలేదు, చీదడాలు ఎక్కువయ్యాయి, దుప్పటి ఇంకా బరువెక్కింది, అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు, తను ఎంతసేపు ఊరుకుంటే అంత కవిత్వం. తన పగ కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది. ఆయన అలా చెమటలు కక్కుతూ పొద్దుగూకే దాకా కూర్చున్నా వీళ్ళు ఏడుస్తూనే ఉంటారు, పాప మాత్రం మెత్తగా నడుస్తూనే ఉంటుంది.

ఆమె నోరు తెరిచింది. ఎప్పటి స్థాయిలోనే, ఆయనకు చేరి ముందు వరసకు చేరని గొంతుతో అందించింది. నాకు మాట గుర్తు రావడం లేదు.

"నాకు మాట గుర్తు రావడం లేదు," అన్నాడు ఆయన జడ్జి గొంతుతో. నీళ్ళలో పడ్డవాడికి తాడు దొరికినట్టు ఆ కళ్ళు ఆమెను పట్టుకున్నాయి.

పోయినసారీ రాలేదు.

"పోయినసారీ రాలేదు."

అప్పుడు నేను పాప గురించి ఆలోచించలేదు.

"అప్పుడు నేను పాప గురించి..." ఇక్కడ బుర్రకు చేరింది. ఆమె చూసింది చేరడం. వేరే మాటకు తిరుగుదామన్నా వేరే మాట లేదు ఆయన దగ్గర, మంచినీళ్ళు ఇంకా దొరకలేదు, ఆమె గొంతు ఒక్కటే ఉంది పట్టుకోవడానికి. "...ఆలోచించలేదు."

పాప మెత్తగా నడిచేది కాదు.

"పాప మెత్తగా నడిచేది కాదు," అన్నాడు, జడ్జి గొంతు ఎక్కడో జారిపోయింది, ఇంటి గొంతు మిగిలింది, బస్సులో నవ్విన గొంతు.

దబదబా నడిచేది.

"దబదబా..." అన్నాడు, ఆగాడు.

భుజాలు లేవలేదు. బొటనవేలు కదలలేదు. కళ్ళు వెతకడం లేదు, అలాగని నటన నిలుపూ కాదు, స్టేజీ మీద చెక్కల వైపు వంగి ఉన్నాయి, మోకాలి ఎత్తులో ఏదో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతుంటే దాని వెంట మెల్లగా తిరుగుతున్నాయి. ఇలాంటి ఆగడం ఇన్నేళ్ళలో ఆమె చూడలేదు. రంగు పూసిన చెంప మీద చార పడింది, విన్నాడు, ఇప్పుడు విన్నాడు. వెళ్ళాడు పాప దగ్గరికి. తను చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళింది, ఆయన ఒక్కడూ లోపలికి వెళ్ళిపోయాడు. ఇంతమంది ముందు వెళ్ళాడు, చుట్టాలా పక్కాలా వీళ్ళంతా, పక్కనే ఉన్న తనను పిలవలేదు. ఆమె నాలుక మీద తర్వాతి మాట సిద్ధంగా ఉంది, కింది మాస్టారు కర్రతో పొడిచేవాడు, అది ఆటనుకునేది అని, ఆ తర్వాతది కూడా ఉంది, ఎర్ర బూట్లని, ఎన్నేళ్ళ మాటలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కసారి ఇటు చూస్తే చాలు, అన్నీ ఇచ్చేసేది. ఇటు చూడు. కనీసం మాట కోసమైనా చూడు. ఆయన చూడలేదు.

హాల్లో ఒకరు లేచారు, కుర్చీలు కిర్రుమన్నాయి, అందరూ లేచారు, చప్పట్లు పైకప్పుకు తగిలి తిరిగి వచ్చాయి. అవతలి వింగులో దర్శకుడు రెండు చేతులూ గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. ఆ మాటలు అందించింది ఎవరని ఎవరూ అడగరు, రేపు పేపర్లో ఏం వస్తుందో ఆమెకు ఇప్పుడే తెలుసు. నిజం చెప్పించానని అనుకుంది, నిజాన్ని కూడా వాళ్ళు నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్నారు. చప్పట్లు తగ్గేదాకా ఆగి, వేలి కింద ఉన్నది చదివి, పని పనే కనుక, మామూలుగా అందించింది. కాస్త మంచినీళ్ళు ఇస్తారా?

"కాస్త మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాడు ఆయన, ఇటు తిరగకుండానే.

పనిమనిషి వేషం వేసినావిడ కళ్ళు తుడుచుకుంటూ గ్లాసు తెచ్చి ఇచ్చింది. రోజూ రెండు గుక్కలు తాగినట్టు నటించి పక్కన పెట్టే మనిషి ఇవాళ గ్లాసు ఎత్తి నీళ్ళన్నీ తాగేశాడు. ఆమె పేజీ తిప్పింది. ఆమెకు కూడా దాహంగా ఉంది.